పాత డిజైన్లలో కొత్త ఆటగాళ్లు: బేస్‌బాల్ కార్డుల రెట్రో లెక్క

2015లో అమెరికాకు చెందిన టాప్స్ కంపెనీ విడుదల చేసిన హెరిటేజ్ బేస్‌బాల్ కార్డుల్లో కొన్నింటిని వెనక్కి తిప్పి చూస్తే బబుల్ గమ్ మరక కనిపిస్తుంది. పలుచటి గమ్ ముక్క ప్యాకెట్లో నెలల తరబడి అట్టకు ఆనుకుని ఉంటే పడే మచ్చ ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉంటుంది. కానీ అది గమ్ వల్ల పడ్డ మరక కాదు, ఫ్యాక్టరీలో కావాలని అచ్చువేసిన మరక. ఆ ఏటి హెరిటేజ్ కార్డులకు నమూనా 1966 నాటి టాప్స్ కార్డు. 1966లో ఐదు సెంట్లు పెట్టి ప్యాకెట్ కొన్న పిల్లాడికి అలాంటి మరక వస్తే కార్డు పాడైనట్టే. 2015లో మాత్రం మరక ఉన్న కార్డు అరుదు కాబట్టి, మరక లేని కార్డుకన్నా దానికే ఎక్కువ ధర.

పాత డిజైన్లలో కొత్త ఆటగాళ్లను అచ్చువేసే ఈ రెట్రో కార్డుల వ్యాపారం అసలు దేన్ని తిరిగి తెస్తోంది అన్న ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది. అంచు రంగులు, అక్షరాల తీరు, ఫొటో పోజులు, వెనకవైపు కార్టూన్లు, ఇవన్నీ తిరిగి తేవచ్చు, చాలా బాగా తెచ్చారు కూడా. కానీ పాత కార్డుకు విలువ తెచ్చినవి చాలావరకు అనుకోకుండా జరిగిన సంగతులు. అమ్ముడుపోక మిగిలిపోవడం, ప్రింటింగులో తేడా రావడం, పిల్లలు నలిపేయడం, అమ్మలు చెత్తబుట్టలో పడేయడం. అనుకోకుండా జరిగినదాన్ని ప్లాన్ వేసి మళ్లీ జరిపించలేం. జరిపించాలని చూసినప్పుడు వచ్చేది వేరే సరుకు. రెట్రో కార్డులు పోగుచేసేవాళ్లు ఈ తేడా తెలుసుకుని కొంటే సంతోషంగా ఉంటారు, తెలియకుండా కొంటే జేబు ఖాళీ చేసుకుంటారు.

ఈ కార్డుల కథ సిగరెట్ పెట్టెతో మొదలైంది. 1880లలో సిగరెట్లు నలిగిపోకుండా పెట్టెలో ఒక గట్టి అట్టముక్క పెట్టేవారు. దాని మీద బొమ్మ వేస్తే కొనేవాళ్లు మళ్లీ మళ్లీ అదే బ్రాండు కొంటారని పొగాకు కంపెనీలు కనిపెట్టాయి. వర్జీనియాలోని రిచ్‌మండ్‌కు చెందిన అలెన్ అండ్ గింటర్ 1887లో 'వరల్డ్స్ చాంపియన్స్' పేరుతో 50 కార్డుల వరస తెచ్చింది. అందులో బేస్‌బాల్ ఆటగాళ్లు పదిమందే. మిగతావాళ్లు బాక్సర్లు, మల్లయోధులు, పడవ పందేలవాళ్లు, బిలియర్డ్స్ ఆడేవాళ్లు, తుపాకీ గురిలో పేరుమోసిన ఆనీ ఓక్లీ లాంటివాళ్లు. 1890లో ఆ కంపెనీ అమెరికన్ టొబాకో అనే పెద్ద సంస్థలో కలిసిపోయింది. ఆ సంస్థే 1909 నుంచి 1911 దాకా తెచ్చిన కార్డుల వరసను ఇప్పుడు టీ206 అంటారు. కలెక్టర్లలో బాగా పేరుమోసిన హోనస్ వాగ్నర్ అనే ఆటగాడి కార్డు ఉన్నది అందులోనే. టీ206 అన్న పేరు పెట్టింది కంపెనీ కాదు, జెఫర్సన్ బర్డిక్ అనే కలెక్టర్. పాత కార్డులన్నింటికీ నంబర్లు వేసి కేటలాగ్ తయారుచేసి, తను పోగుచేసిన కార్డులను న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియానికి ఇచ్చేసిన మనిషి ఆయన.

1930ల నాటికి సిగరెట్ పోయి బబుల్ గమ్ వచ్చింది. మన దగ్గర బిగ్ ఫన్ బబుల్ గమ్‌తో వచ్చిన క్రికెటర్ల ఫొటోలు దాచుకున్న తరానికి ఆ మోజు ఎలాంటిదో విడమరచి చెప్పనక్కర్లేదు. బోస్టన్‌లో గౌడీ, ఫిలడెల్ఫియాలో బౌమన్, బ్రూక్లిన్‌లో టాప్స్. ఈ మూడింటిలో చివరికి నిలబడింది టాప్స్. 1951లో ఆడుకునే పేక ముక్కల్లాంటి కార్డులతో మొదలుపెట్టి, 1952లో 407 కార్డుల పెద్ద సెట్ తెచ్చింది. సై బర్గర్, వుడీ గెల్మన్ అనే ఇద్దరు ఉద్యోగులు బర్గర్ ఇంట్లో వంటగది బల్ల మీద దాని డిజైన్ కూర్చారు. ముందు ఆటగాడి రంగుల బొమ్మ, పేరు, సంతకం, జట్టు గుర్తు. వెనక ఊరు, పుట్టినరోజు, కిందటేడాది లెక్కలు, కెరీర్ మొత్తం లెక్కలు. బేస్‌బాల్ కార్డు అంటే ఇలా ఉండాలి అని అమెరికన్ల మనసులో ముద్రపడింది ఆ రోజునుంచే. 1956లో టాప్స్ బౌమన్‌ను కొనేసింది. ఆ తర్వాత పాతికేళ్లు ఈ వ్యాపారంలో దానికి గట్టి పోటీ లేదు.

ఆ 1952 సెట్టులోనే అసలు పాఠం ఉంది. అప్పట్లో సెట్టు మొత్తం ఒకేసారి వచ్చేది కాదు. సీజన్ సాగుతుంటే విడతలు విడతలుగా దుకాణాలకు చేరేది. చివరి విడత, అంటే 311 నుంచి 407 దాకా నంబర్లు, వచ్చేసరికి బేస్‌బాల్ సీజన్ అయిపోవస్తోంది, పిల్లల ధ్యాస ఫుట్‌బాల్ వైపు మళ్లింది. దుకాణాలవాళ్లు సరుకు తీసుకోలేదు. గోదాముల్లో పెట్టెలు ఏళ్ల తరబడి పడి ఉన్నాయి. కారుచవకగా ఇస్తామన్నా కొనేవాళ్లు దొరకలేదని బర్గర్ తర్వాత చెప్పుకున్నాడు. 1960లో వాటిని ఒక బార్జిలోకి ఎక్కించి, న్యూజెర్సీ తీరానికి అవతల అట్లాంటిక్‌లో పారబోయించాడని కూడా ఆయనే చెప్పాడు. ఆ విడతలో మొదటి నంబరు, 311, న్యూయార్క్ యాంకీస్ స్టార్ మికీ మాంటిల్ కార్డు. 2022 ఆగస్టులో మంచి స్థితిలో ఉన్న ఆ కార్డు ఒకటి వేలంలో 1.26 కోట్ల డాలర్లు పలికింది. చిత్రమేమిటంటే ఆ విడతలో మాంటిల్ కార్డు మిగతావాటికన్నా అరుదైనది కూడా కాదు. ప్రింటింగ్ షీటు మీద దాన్ని రెండుసార్లు వేశారు. పేరు, కథ, కండిషన్ మూడూ కలిసి దాన్ని అంత ఎత్తుకు తీసుకెళ్లాయి.

చివరి విడత కార్డులు తక్కువ దొరకడం 1952తో ఆగలేదు. 1973 దాకా టాప్స్ విడతల పద్ధతే పాటించింది కాబట్టి, ఆ ఏళ్ల సెట్లలో చివరి నంబర్లు దొరకడం కష్టమయ్యేది. కలెక్టర్లు వాటిని 'హై నంబర్స్' అంటారు. ఈ మాట గుర్తుపెట్టుకుంటే రెట్రో కార్డుల లెక్క సగం అర్థమైనట్టే.

1980లో ఒక కోర్టు తీర్పుతో టాప్స్ గుత్తాధిపత్యానికి గండిపడింది. 1981లో ఫ్లీర్, డాన్‌రస్ కంపెనీలు రంగంలోకి వచ్చాయి. 1989లో అప్పర్ డెక్ వచ్చింది. పాత కార్డులు వేల డాలర్లు పలుకుతున్నాయని తెలిసి జనం కొత్తవాటిని పెట్టెల లెక్కన కొని అటకల మీద పెట్టారు. కంపెనీలు వాళ్లకు కావలసినంత అచ్చువేశాయి. అందరూ దాచిన వస్తువు ఎప్పటికీ అరుదు కాదు. 1980ల చివర్లో, 1990ల మొదట్లో వచ్చిన ఆ కార్డులను ఇప్పుడు 'జంక్ వ్యాక్స్' అంటారు, పెట్టెలకు పెట్టెలు నామమాత్రపు ధరకు దొరుకుతాయి. 1994లో ఆటగాళ్ల సమ్మె వల్ల వరల్డ్ సిరీస్ రద్దయ్యాక జనానికి ఆట మీదే విరక్తి కలిగింది. మళ్లీ ఆకట్టుకోవడానికి కంపెనీలు మెరుపులు పెంచాయి. లోహంలా మెరిసే క్రోమ్, వెలుతురు పడితే రంగులు చిందే రిఫ్రాక్టర్, హోలోగ్రామ్, జెర్సీ ముక్క అతికించిన కార్డు. 1990ల చివరికి ఆటగాడి మొహం కన్నా మెరుపే ఎక్కువైంది.

ఆ సమయంలో, 2001లో టాప్స్ హెరిటేజ్ వచ్చింది. సూత్రం చాలా సులువు. 2001 ఆటగాళ్లను 1952 డిజైన్లో వేశారు. 2002లో 1953 డిజైన్, 2003లో 1954 డిజైన్. అలా ఏటా ఒక్క అడుగు, ఎప్పుడూ 49 ఏళ్ల దూరం. మెరుపు లేని, కాస్త గరుకుగా ఉండే అట్ట. మొదటి సెట్టులో కార్డుల సంఖ్య కూడా 1952లో లాగే 407. 1952లో మొదటి 80 కార్డుల వెనకవైపు కొన్ని నల్ల సిరాతో, కొన్ని ఎర్ర సిరాతో వచ్చాయి. 2001లోనూ మొదటి 80 కార్డులకు అలాగే చేశారు. ఇంత శ్రద్ధ చూపినా ఒక్క విషయంలో మాత్రం రాజీపడ్డారు. 1952 కార్డు సుమారు 6.7 సెంటీమీటర్ల వెడల్పు, 9.5 సెంటీమీటర్ల ఎత్తు ఉండేది. హెరిటేజ్ కార్డు 1957 నుంచి స్థిరపడిన చిన్న సైజులో, 6.4కు 8.9 సెంటీమీటర్లలో వచ్చింది. పక్కపక్కన పెడితే కొత్తది కొంచెం కుదించుకుపోయినట్టు కనిపిస్తుంది. ఇప్పటి ఆల్బమ్ షీట్లలో పట్టాలి కదా.

ఈ సూత్రం పాతికేళ్లు దాటినా ఎందుకు నిలబడింది? జ్ఞాపకాలు అన్నది ఒక సమాధానం, కానీ అది సరిపోదు. హెరిటేజ్ కొనేవాళ్లలో 1968 కార్డులను దుకాణంలో కొన్నవాళ్లు తక్కువే, చాలామంది అప్పటికి పుట్టనేలేదు. వాళ్లను పట్టి ఉంచేది వరసలో చోటు. ఒక ఉదాహరణ చూస్తే ఇది తేలిగ్గా తెలుస్తుంది.

1968 టాప్స్ కార్డుకు అంచు గోనెసంచి నేతలా ఉంటుంది. ఆ సెట్టులో 177వ నంబరు కార్డు మీద న్యూయార్క్ మెట్స్ జట్టు కొత్త కుర్రాళ్లు ఇద్దరు పక్కపక్కన ఉంటారు, జెర్రీ కూస్మన్, నోలన్ రయాన్. అప్పట్లో కొత్త ఆటగాళ్లకు ఒక్కొక్కరికీ సొంత కార్డు ఇవ్వకుండా ఇద్దరినో నలుగురినో ఒకే కార్డు మీద సర్దేవారు. రయాన్ తర్వాత 5,714 స్ట్రైకౌట్లతో, అంటే బంతి విసిరి తనే బ్యాటర్లను అవుట్ చేయడంలో, ఇప్పటికీ చెక్కుచెదరని రికార్డు పెట్టాడు. కూస్మన్ కూడా 222 విజయాలు సాధించాడు. సరిగ్గా 49 ఏళ్ల తర్వాత, 2017 హెరిటేజ్‌లో అదే గోనె అంచు కార్డు మీద న్యూయార్క్ యాంకీస్ కుర్రాళ్లు ఇద్దరు కనిపించారు, టైలర్ ఆస్టిన్, ఆరన్ జడ్జ్. వాళ్లిద్దరూ 2016 ఆగస్టు 13న ఒకే మ్యాచ్‌లో, ఒకరి వెంట ఒకరు, తమ మొట్టమొదటి మేజర్ లీగ్ బ్యాటింగ్ అవకాశంలోనే హోమ్ రన్లు కొట్టారు. కార్డు వచ్చిన ఏడాదే జడ్జ్ 52 హోమ్ రన్లు కొట్టి ఏటి మేటి కొత్త ఆటగాడయ్యాడు. ఆస్టిన్ కొన్నేళ్లకు జపాన్ లీగ్‌కు వెళ్లి యోకొహామా జట్టుకు ఆడాడు.

మామూలు మెరిసే కార్డు మీద జడ్జ్ ఒక్కడే ఉంటాడు, స్టార్‌గానే ఉంటాడు. హెరిటేజ్ కార్డు మీద మాత్రం, ఇంకా ఏమీ తేలని ఇద్దరు కుర్రాళ్లలో ఒకడిగా ఉంటాడు. ఎవరి జాతకం ఎలా తిరుగుతుందో కార్డు అచ్చయ్యే రోజున ఎవరికీ తెలియదు. పాత డిజైన్ కొత్త కార్డుకు ఇవ్వగల గొప్ప వరం ఇదే. దీనికి అరుదుతో పనిలేదు, ఆ కార్డు మామూలుదైనా సరే ఈ కథ అందులో ఉంటుంది.

ఫొటోల విషయంలోనూ అంతే. ఇప్పటి మామూలు టాప్స్ కార్డులన్నీ యాక్షన్ ఫొటోలే, గాల్లో ఎగిరి బంతి పట్టే క్షణాలు. హెరిటేజ్‌లో ఎక్కువమంది బ్యాట్ భుజాన పెట్టుకుని, గ్లవ్ పైకెత్తి, ప్రాక్టీస్ క్యాంపు ఎండలో కెమెరా వైపు చూస్తూ నిలబడతారు. 1950, 60ల కెమెరాలకు పరుగెత్తే మనిషిని స్పష్టంగా పట్టడం కష్టం కాబట్టి పుట్టిన పోజులు అవి. ఇప్పుడు ఆ ఇబ్బంది లేకపోయినా ఆ పోజు వల్ల మొహం కనిపిస్తుంది. హెల్మెట్ల చాటున, టీవీ స్క్రీన్ మీద స్కోరు అంకెల మధ్య చూసే ఆటగాళ్ల మొహాలు ఎలా ఉంటాయో చాలామంది అభిమానులకు హెరిటేజ్ కార్డు చూశాకే తెలుస్తుంది.

సంతకాల కార్డుల్లో 'రియల్ వన్' అనే వరస ఉంది. ఇప్పటి ఆటగాళ్లతో పాటు, అసలు సెట్టు వచ్చిన ఏడాది ఆడిన పాతవాళ్లతో కూడా కార్డు మీదే సంతకం చేయిస్తారు. ఎర్ర సిరా సంతకాలు ఆ పాత ఏడాది చివరి అంకెలను బట్టి లెక్కపెట్టి తెస్తారు. 1969 డిజైన్ అయితే 69 మాత్రమే. ఎప్పుడో రెండు మూడు సీజన్లు ఆడి ఊరికి వెళ్లిపోయిన ఆటగాడు డెబ్బై దాటాక తన కుర్రతనపు బొమ్మ మీద సంతకం పెడతాడు. స్టార్ల సంతకాల కన్నా ఈ పేరు లేని ముసలివాళ్ల సంతకాల కోసం వెతికే కలెక్టర్లు ఉన్నారు. వాళ్లది మంచి రుచి.

ఇక అరుదు సంగతి. పాత హై నంబర్లు దొరక్కపోవడం ఒక వ్యాపార వైఫల్యం వల్ల వచ్చింది. హెరిటేజ్ దాన్ని పద్ధతిగా మార్చింది. 500 కార్డుల సెట్టులో చివరి వందను తక్కువగా అచ్చువేస్తుంది. వీటిని షార్ట్ ప్రింట్లు, వాడుకలో ఎస్పీలు అంటారు. చాలా ఏళ్లు మామూలుగా మూడు ప్యాకెట్లకు ఒక ఎస్పీ వచ్చేది. కార్డుల దుకాణాల్లో అమ్మే హాబీ బాక్సులో 24 ప్యాకెట్లు ఉండేవి, అంటే బాక్సుకు ఎనిమిది. వంద ఎస్పీలకు పన్నెండున్నర బాక్సులు చాలు అనిపిస్తుంది. కానీ వచ్చినవే మళ్లీ వస్తాయి. ఏ ఎస్పీ అయినా వచ్చే అవకాశం సమానమనుకుని లెక్కేస్తే, సగటున 69 ఎస్పీలు తీస్తే యాభై రకాలు చేతికొస్తాయి. వందా పూర్తవ్వాలంటే సుమారు 519 తీయాలి. అంటే 65 బాక్సులు. చివరి ఒక్క కార్డు కోసమే సగటున పన్నెండున్నర బాక్సులు విప్పాలి. ప్యాకెట్లు విప్పి సెట్టు పూర్తి చేయడం అన్నది మామూలు జీతగాడికి సాధ్యం కాని పని. సెట్టు కట్టేవాళ్లు రెండు మూడు బాక్సులు విప్పి, మిగతావి ఒక్కొక్కటిగా కొనో మార్చుకునో తెచ్చుకుంటారు. తెలివైన దారి కూడా అదే.

ఇందులో ఒక పెద్ద తిరకాసు ఉంది. 1974 నుంచి టాప్స్ విడతలు మానేసి సెట్టు మొత్తం ఒకేసారి అమ్మింది. అంటే 1974 కార్డుల్లో చివరి నంబర్లు మిగతావాటికన్నా అరుదైనవి కావు. కానీ ఆ డిజైన్‌తో వచ్చిన 2023 హెరిటేజ్‌లో కూడా చివరి వంద ఎస్పీలే. అప్పటిదాకా 'చరిత్రలో అలాగే జరిగింది' అని చెప్పుకోవడానికి ఒక ఆధారం ఉండేది. 1974 డిజైన్ దగ్గరికి వచ్చేసరికి ఆ ఆధారం పోయింది, అలవాటు మాత్రం మిగిలింది. పాతదనం పేరుతో జరుగుతున్నది ఎక్కడ పాతదనం, ఎక్కడ అమ్మకపు ఎత్తు అని వేరుచేసి చూడాలంటే ఇంతకన్నా స్పష్టమైన చోటు దొరకదు.

పొరపాట్ల విషయంలో టాప్స్ చేసింది ఇంకా ఆసక్తికరం. 1962లో రెండో విడత కార్డులు కొన్ని ప్రింటింగ్ తేడా వల్ల పచ్చటి ఛాయతో వచ్చాయి. 1962 డిజైన్ వాడిన 2011 హెరిటేజ్‌లో పచ్చ ఛాయ కార్డులు కావాలని వేశారు. 1958లో కొన్ని కార్డుల మీద పేర్లు తెల్లగా కాకుండా పసుపు రంగులో పడ్డాయి. 2007లో పసుపు అక్షరాలు మళ్లీ వచ్చాయి. 1964 కార్డులకు వెనిజులాలో అచ్చయిన రూపాలు ఉండేవి, 2013లో వెనిజులా పేరుతో ప్రత్యేక కార్డులు దిగాయి. వీటిలో కొన్ని నిజంగా సరదాగా ఉంటాయి, చరిత్ర తెలిసినవాళ్లకు కన్నుగీటినట్టు ఉంటాయి. కానీ ఏటా పెరిగిపోయిన వేరియేషన్లు చాలావాటికి అలాంటి ఆధారం లేదు. రంగు మార్చినది, ఫొటో మార్చినది, సంతకం తీసేసినది. భూతద్దం పెట్టి వెనకవైపు కోడ్ చదివితే తప్ప తేడా తెలియనివి కూడా ఉన్నాయి.

అసలు పొరపాట్లలో ఉన్న జీవం వీటిలో ఎందుకు లేదో రెండు పాత కార్డులు చెబుతాయి. 1957లో హాంక్ ఆరన్ ఫొటో నెగెటివ్ తిరగబడి, కుడిచేతి ఆటగాడు ఎడమచేతి వాటంగా అచ్చయ్యాడు. 1974 మొదట్లో సాన్ డియేగో పాడ్రెస్ జట్టు వాషింగ్టన్‌కు తరలిపోతుందని అందరూ అనుకున్నారు. టాప్స్ ఆ జట్టు కార్డులు కొన్నింటి మీద ఊరు వాషింగ్టన్ అని, ఇంకా పేరు పెట్టని జట్టు కాబట్టి ఉత్తినే 'నేషనల్ లీగ్' అని అచ్చు కొట్టేసింది. ఈలోగా మెక్‌డొనాల్డ్స్ అధిపతి రే క్రాక్ జట్టును కొని సాన్ డియేగోలోనే ఉంచాడు. లేని జట్టుకు కార్డులు మిగిలాయి. ఒక ఊరు జట్టును పోగొట్టుకోబోయి నిలబెట్టుకున్న సంగతి ఆ తప్పు అచ్చులో ఉంది. రంగు మార్చిన వేరియేషన్‌లో కంపెనీ ప్రొడక్షన్ ప్లాన్ తప్ప ఏముంటుంది?

ఎన్ని అచ్చువేశారో లెక్క చెబుతూ నంబర్ వేసిన కార్డులదీ ఇలాంటి తర్కమే. 2009 హెరిటేజ్ నమూనా 1960 కాబట్టి క్రోమ్ కార్డులు ఒక్కొక్కటి 1,960, రిఫ్రాక్టర్లు 560 వేశారు. అంకె ముచ్చటగా కుదిరింది. అయితే గరుకు అట్ట కోసం వచ్చిన సెట్టులో మళ్లీ మెరుపు కార్డు దేనికి అన్న ప్రశ్నకు అమ్మకం తప్ప వేరే జవాబు లేదు.

హెరిటేజ్ ఒక్కటే కాదు. 2006లో టాప్స్ అలెన్ అండ్ గింటర్ పేరును బతికించింది. ఇందులో బేస్‌బాల్ ఆటగాళ్ల పక్కనే మల్లయోధులు, తిండి పోటీల చాంపియన్లు, స్పెల్లింగ్ బీ విజేతలు ఉంటారు. 1887 సెట్టులో ఉన్న కలగాపులగాన్ని అంత నమ్మకంగా పాటించిన రెట్రో సెట్టు ఇంకొకటి లేదు. సిగరెట్ పెట్టెలో పట్టేంత చిన్న 'మినీ' కార్డులూ వస్తాయి. 'రిప్ కార్డు' అనేది ఒకటుంది, దాని లోపల ఒక మినీ కార్డు దాగి ఉంటుంది. లోపల ఏముందో చూడాలంటే పై కార్డును చింపాలి. చింపితే పై కార్డు విలువ పోతుంది, చింపకపోతే లోపలిది ఎప్పటికీ తెలియదు. జిప్సీ క్వీన్ 2011లో వచ్చింది, అదీ పాత పొగాకు పేరే. ఆర్కైవ్స్ 2012లో మళ్లీ మొదలై ఒకే సెట్టులో మూడు నాలుగు ఏళ్ల డిజైన్లు కలుపుతోంది. రుచి చూడటానికి బాగుంటుంది కానీ, హెరిటేజ్‌లో ఉన్న వరస దానిలో లేదు.

2018లో వచ్చిన లివింగ్ సెట్ వీటన్నింటికన్నా వేరు. 1953 టాప్స్ కార్డుల బొమ్మలు ఫొటోలు కావు, చేత్తో వేసిన పెయింటింగులు. ఆ తీరునే తీసుకుని, మాయుమి సేతో అనే చిత్రకారిణితో వారానికి కొన్ని బొమ్మలు వేయించి ఆన్‌లైన్‌లో ఒక్క వారమే అమ్మారు. ఆ వారంలో ఎంతమంది అడిగితే అన్నే అచ్చు. తర్వాత ఎన్ని అచ్చయ్యాయో బయటికి చెబుతారు. ఒక ఆటగాడికి ఒక జట్టు తరఫున ఒకే కార్డు. సెట్టుకు ముగింపు లేదు. ఇక్కడ అరుదును కంపెనీ నిర్ణయించదు, కొనేవాళ్లే నిర్ణయిస్తారు. పెద్దగా పేరులేని ఆటగాడి కార్డు తక్కువమంది కొంటారు కాబట్టి అదే అరుదవుతుంది. 1952 గోదాములో జరిగినదానికి ఇప్పటి పద్ధతుల్లో అతి దగ్గరగా వచ్చింది ఇదే.

వేరే కంపెనీల ప్రయత్నాలు లైసెన్సుల దగ్గర ఆగిపోయాయి. 2001లో అప్పర్ డెక్ 'వింటేజ్' అని ఒక సెట్టు తెచ్చింది, చూడగానే 1963 టాప్స్ అనిపించేది. 2010 నుంచి మేజర్ లీగ్ జట్ల గుర్తులు వాడే హక్కు ఒక్క టాప్స్‌కే దక్కింది. డాన్‌రస్ పేరు కొనుక్కున్న పానినీ 1980ల డాన్‌రస్ డిజైన్లను చక్కగా తిరిగి తెచ్చినా, ఆటగాళ్ల సంఘంతో ఒప్పందమే ఉండేది తప్ప లీగ్‌తో లేదు కాబట్టి టోపీల మీద గుర్తులు చెరిపేయాల్సి వచ్చింది. ఖాళీ టోపీ పెట్టుకున్న ఆటగాడిని ఎంత పాత ఫ్రేములో పెట్టినా పాత కార్డులా కనిపించడు. 2022 జనవరిలో ఫనాటిక్స్ అనే సంస్థ టాప్స్ కార్డుల వ్యాపారాన్ని సుమారు 50 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. దాంతో పాత డిజైన్లూ, కొత్త హక్కులూ ఒకే చేతిలో పడ్డాయి.

డాలస్ పరిసరాల్లోనో న్యూజెర్సీలోనో స్థిరపడి, పిల్లలు లిటిల్ లీగ్‌లో ఆడుతుంటే కార్డుల దుకాణంలో అడుగుపెట్టే తెలుగు తల్లిదండ్రులకు పనికొచ్చే మాట ఒకటి ఉంది. ముందు ఒక ఏడాది డిజైన్ నచ్చాలి, ఆ తర్వాతే బాక్సు. నచ్చిన డిజైన్ 1971 అనుకుందాం, నల్ల అంచులది. 2020 హెరిటేజ్ దాని మీదే వచ్చింది. నల్ల అంచు చాలా నాజూకు, మూలలు కాస్త తగిలితే చాలు, కింది తెల్ల అట్ట బయటపడుతుంది. కాబట్టి చేతికి వచ్చిన వెంటనే పల్చటి ప్లాస్టిక్ స్లీవ్‌లో పెట్టాలి. నాలుగు వందల మామూలు కార్డులు కూడబెట్టి, ఎస్పీల్లో ఇష్టమైన జట్టువి మాత్రం విడిగా కొంటే సెట్టు చేతిలో ఉంటుంది, ఖర్చూ చేతిలో ఉంటుంది. తొమ్మిది అరల షీట్లలో పెడితే 500 కార్డులకు 56 షీట్లు చాలు. ఆ పక్కనే అదే డిజైన్‌లో అసలు 1971 కార్డు ఒకటి, పెద్ద పేరులేని ఆటగాడిది, మూలలు అరిగినదైనా సరే, పెట్టుకోవాలి. అలాంటి పాత మామూలు కార్డులు కొన్ని డాలర్లలోనే దొరుకుతాయి. రెండింటినీ వేళ్లతో తాకి చూస్తే, అట్ట మందం, సిరా తీరు, రంగు వెలిసిన విధానం, ఏది తిరిగి వచ్చిందో ఏది రాలేదో పిల్లలకు కూడా అర్థమవుతుంది. రేపు ధర పెరుగుతుందని కొనేవాళ్లకు మాత్రం ఈ సెట్లు సరిపోవు. పెట్టె విప్పకుండా దాచేవాళ్లు వేలమంది ఉన్న వస్తువుకు ఏమవుతుందో జంక్ వ్యాక్స్ కాలం ఒకసారి చూపించింది.

హెరిటేజ్ ముందున్న దారి కూడా అటే వెళ్తోంది. 2024లో రెండు రంగుల అంచులున్న 1975 డిజైన్, 2025లో మూలన ఆటగాడి స్థానాన్ని చూపే చిన్న బొమ్మ ఉన్న 1976 డిజైన్ అయిపోయాయి. ఇదే లెక్కన 2030లో 1981 వస్తుంది, టాప్స్ ఒంటరి ఏలుబడి ముగిసిన ఏడాది. 2036లో చెక్క అంచుల 1987 వస్తుంది, లెక్కలేనంత అచ్చయిన కార్డు. పైగా టాప్స్ తన మామూలు సెట్లలో 35 ఏళ్ల వార్షికోత్సవం పేరుతో 1980ల డిజైన్లను ఒక్కొక్కటిగా ఇప్పటికే వాడేసింది. 1983 డిజైన్ 2018లో, 1987 డిజైన్ 2022లో, 1989 డిజైన్ 2024లో. హెరిటేజ్ అక్కడికి చేరేసరికి ఆ అంచులు కలెక్టర్ల ఆల్బమ్‌లలో ఎన్నోసార్లు చేరి ఉంటాయి. అప్పుడు 49 ఏళ్ల నియమాన్నే పట్టుకుంటారా, లేక వెనక్కి తిరిగి మళ్లీ 1952 నుంచి మొదలుపెడతారా అన్నది ఫనాటిక్స్ తేల్చాల్సిన విషయం. చివరి వంద కార్డులను ఎస్పీలుగా ఉంచాలా వద్దా అన్నది కూడా అప్పుడు తేలాలి, ఎందుకంటే 1987లో దొరకని కార్డు అంటూ ఒక్కటీ లేదు.